ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే పాట



పోయిన శ్రావణమాసంలో మా వీధిలో ఒకరింటికి పేరంటానికి వెళ్ళాను. తాంబూలాలు ఇచ్చేముందు ఇంటావిడ "ఎవరైనా ఒక మంగళహారతి పాడండమ్మా" అన్నారు. మామూలే కదా, ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఒకావిడకు జలుబట, ఇంకొకావిడకు చరణాలు గుర్తులేవట. చివరికి కొత్తగా కాపురానికి వచ్చిన చిన్నావిడ ధైర్యం చేసి ఎత్తుకుంది. పాపం, శ్రుతి మరీ పైన పట్టేసింది. రెండో చరణానికి గొంతు అందడం లేదు. అప్పుడు మూలగా కూర్చున్న ఒక పెద్దావిడ తనకు అలవాటైన వరసలో, కింది స్థాయిలో మెల్లిగా గొంతు కలిపింది. ఇంకో ఇద్దరు అందులోకి జారారు. మూడో చరణం వచ్చేసరికి మొదలుపెట్టిన వరస ఒకటి, పాడుతున్న వరస ఒకటి. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. హారతి అయిపోయింది, శనగలు పుచ్చుకుని ఇళ్ళకు వచ్చేశాం.

సరిగ్గా ఇలాంటిదే 1718లో బోస్టన్ నగరంలో ఒక చర్చిలో జరిగింది. అప్పటికి అమెరికా ఇంకా ఇంగ్లీషువారి వలస రాజ్యం. ఆ చర్చిలో పాట ఎత్తుకునే పెద్దమనిషి పేరు శామ్యూల్ సూయల్. న్యాయమూర్తి. సేలం ఊళ్ళో మంత్రగత్తెలని ముద్రవేసి 1692లో కొంతమందిని ఉరితీశారని మీరు చదివే వుంటారు. ఆ తీర్పులు చెప్పిన న్యాయమూర్తుల్లో ఈయనా ఒకడు. అయిదేళ్ళ తరవాత చర్చిలో అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. ఆయన ఏళ్ళ తరబడి డైరీ రాశాడు కనుక మనకీ సంగతి తెలిసింది. ఆ ఆదివారం ఆయన 'యార్క్' అనే వరస ఎత్తుకున్నాడు. రెండోసారి వచ్చేసరికి సభంతా 'సెయింట్ డేవిడ్స్' అనే మరో వరసలోకి వెళ్ళిపోయింది. మూడు వారాల క్రితమూ ఇదే జరిగిందట. ఇరవై నాలుగేళ్ళుగా చేస్తున్న పని, ఇక నావల్ల కాదు, ఇంకొకరికి అప్పగించండి అని పాస్టరుగారితో చెప్పేశాడు. మా పేరంటంలో చిన్నావిడ కంటె ఆయన మనసే ఎక్కువ నొచ్చుకున్నట్టుంది.

ఇవాళ నేను మీతో ముచ్చటించదలచుకున్నది ఈ రకం పాటను గురించే. చర్చి పాట అనగానే మన కళ్ళముందు కదిలేది సినిమాల్లో చూసిన దృశ్యం. తెల్లని అంగీలు తొడుక్కున్న గాయక బృందం, పెద్ద ఆర్గన్, చేతుల్లో పుస్తకాలు, ఎదురుగా పుల్ల ఆడిస్తూ ఒక పెద్దమనిషి. అదీ వుంది. దాని గొప్ప దానిది. కాని ఎవరూ ముందుగా రాసిపెట్టని, సాధన చెయ్యని, అక్కడికక్కడ అందరి గొంతుల్లోంచీ పుట్టే సంగీతం ఇంకొకటి క్రైస్తవ ఆరాధనలో వుంది. చదువురాని వాళ్ళు, వాద్యాలు లేనివాళ్ళు కట్టుకున్న పాట అది. ఈ ప్రసంగం రేడియోలో చెప్పినప్పుడు మధ్యమధ్య రికార్డు వినిపించే వీలుండేది. అచ్చులో ఆ భాగ్యం లేదు కనుక, వినిపించిన ముక్కను కూడా మాటల్లోనే చెప్పవలసి వస్తోంది. సర్దుకుని చదవండి.

ముందు దీని పుట్టుక చెబుతాను. 1644లో ఇంగ్లండులో వెస్ట్‌మినిస్టర్‌లో సమావేశమైన మతపెద్దల సభ ఒకటి, చర్చిలో ఆరాధన ఎలా జరగాలో వివరిస్తూ ఒక పుస్తకం తయారుచేసింది. దావీదు కీర్తనలు సభలో అందరూ పాడాలి, అది వాళ్ళ పట్టుదల. కాని పుస్తకం చేతికిస్తే చదవగలిగేవాళ్ళు ఎంతమంది? అందుకని ఒక ఉపాయం చెప్పారు. చదువురానివాళ్ళు ఎక్కువగా వున్నచోట పాస్టరుగాని, తగిన మరొకరుగాని ఒక్కొక్క పాదం ముందు చదివి వినిపించాలి, వెనకనే అందరూ ఆ పాదం పాడాలి. అందరికీ చదువు వచ్చేదాకా తాత్కాలికంగా అనుకున్న ఏర్పాటు ఇది. మన ఇళ్ళల్లో తాత్కాలికంగా కొట్టిన మేకు సంగతి మీకు తెలుసు కదా! ఆ మేకు కొట్టి మూడువందల ఎనభై ఏళ్ళు దాటింది. కొన్నిచోట్ల ఇంకా అలాగే వుంది.

దీనికి ఇంకో సదుపాయం తోడైంది. ఆ కీర్తనల్లో చాలావాటిని ఒకే కొలతలోకి మార్చారు. మొదటి పాదంలో ఎనిమిది అక్షరాలు, రెండో పాదంలో ఆరు, మళ్ళీ ఎనిమిది, మళ్ళీ ఆరు. వేమన పద్యాల్లో చాలావాటిని మనం ఒకే వరసలో చదవగలం, ఎందుకంటే అవి ఆటవెలదులే. అదే కిటుకు ఇక్కడా. పది పన్నెండు వరసలు నోటికి వస్తే చాలు, నూటయాభై కీర్తనల్లో చాలామటుకు పాడేసుకోవచ్చు. ఏ కీర్తనకు ఏ వరస అనేది పాట ఎత్తుకునే మనిషి అప్పటికప్పుడు నిర్ణయించుకోవచ్చు. సూయల్‌గారి సభ ఒక వరసలోంచి మరో వరసలోకి జారిపోవడానికి కారణం కూడా ఇదే. రెండింటికీ కొలత ఒకటే.

వాళ్ళ కీర్తనల పుస్తకం 1640లోనే అచ్చయింది. ఆ వలస రాజ్యాల్లో అచ్చయిన మొదటి పుస్తకం అదేనంటారు. కాని 1698 ముద్రణ దాకా అందులో స్వరాలు వెయ్యలేదు. అంటే వరసలన్నీ ఒక నోటినుంచి మరో నోటికి రావలసిందే. ఇప్పుడు ఒక్కసారి వూహించుకోండి. వాద్యం లేదు, తాళం వేసేవాడు లేడు. ఒకాయన పాదం అందిస్తాడు, వందమంది అందుకుంటారు. మాట కోసం ఆగాలి, పక్కవాళ్ళ గొంతు కోసం ఆగాలి. ఆగేకొద్దీ పాట నెమ్మదిస్తుంది. నెమ్మదించేకొద్దీ ఒక్కొక్క స్వరం పొడుగు సాగుతుంది. సాగిన స్వరం మీద గొంతు వూరికే నిలబడదు. చిన్న మెలిక తిరుగుతుంది, ఒక మెట్టు పైకి తొంగిచూసి వస్తుంది. మన భాషలో చెప్పాలంటే సంగతులు వచ్చి చేరతాయి. ఎవరి మెలిక వారిది, పక్కావిడది మరోటి. అందరూ ఒకే పాట పాడుతున్నారు, ఏ ఇద్దరిదీ ఒకటి కాదు.

ఇది చదువుకున్న పాస్టర్లకు నచ్చలేదు. 1720లో టామస్ సిమ్స్ అనే ఆయన, మరుసటి ఏడు టామస్ వాల్టర్ అనే ఆయన, స్వరం చూసి క్రమంగా పాడటం నేర్చుకోవాలని పుస్తకాలు రాశారు. ఒక వూరి వరస పక్క వూళ్ళో గుర్తుపట్టలేకుండా వుందనీ, అందరూ తలో దారిన అరుస్తున్నారనీ వాళ్ళ బాధ. పాటల బడులు పెట్టారు. పల్లెల్లో పెద్దవాళ్ళు ఎదురు తిరిగారు. మా తాతలనాటి పాటను పాడుచేస్తున్నారు, రేపు ఆర్గన్ కూడా తెస్తారన్నారు. క్రమం కావాలన్నవారి మాటలో అన్యాయమేమీ లేదు. స్వరం నేర్చుకున్న పిల్లలు చక్కటి పాటలు పాడారు, తరవాత వాళ్ళలోంచే పాటలు కట్టేవాళ్ళూ వచ్చారు. కాని ఆ పోట్లాటలో గెలిచినవారు రాసిన పుస్తకాలే మనకు మిగిలాయి. పాతపద్ధతిలో పాడిన ముసలమ్మలు పుస్తకాలు రాయలేదు గనుక, వాళ్ళ చెవికి ఆ పాట ఎలా వినబడిందో చెప్పేవారు లేరు.

అది ఎలా వుండేదో కాస్త అంచనా కట్టాలంటే స్కాట్లండుకు వాయవ్యాన సముద్రంలో వున్న లూయిస్ దీవికి వెళ్ళాలి. అక్కడివాళ్ళ భాష గేలిక్, ఇంగ్లీషు కాదు. గేలిక్‌లో మొదటి యాభై కీర్తనలు 1659లోనూ, మొత్తం పుస్తకం 1694లోనూ అచ్చయ్యాయి. అక్కడి ఫ్రీ చర్చి సభల్లో పాట ఎత్తుకునే పెద్దను ప్రిసెంటర్ అంటారు. సంప్రదాయం ప్రకారం మగవాడే. ప్రసంగ వేదిక కింద, సభవైపు మొహం పెట్టి కూర్చుంటాడు. వాళ్ళ పాత ఆచారం తమాషాగా వుంటుంది. ప్రార్థనకు లేచి నిలబడతారు, పాటకు కూర్చుంటారు.

ప్రిసెంటర్ వరస ఎంచుకుని ఒక్కడే మొదలెడతాడు. ఒకరూ ఇద్దరూ గొంతు కలుపుతారు. మొదటి పాదాలు గడిచేసరికి సభంతా కలుస్తుంది. అక్కడినుంచి ప్రతి పాదాన్నీ ఆయన గబగబా, పైగొంతుతో, మంత్రం చదివినట్టు అందిస్తాడు. వెనకనుంచి సభ నెమ్మదిగా, బరువుగా లేస్తుంది. జనం పాదం చివర ఇంకా వుండగానే ఆయన తరవాతి పాదం ఎత్తేస్తాడు. అందుచేత పాటకు ఎక్కడా తెగుదల వుండదు. 2003లో లూయిస్‌లో బ్యాక్ అనే వూరి చర్చిలో ఈ పాటలు రికార్డు చేశారు. రేడియోలో మీకు వినిపించాలనుకున్నది అలాంటిదే. మొదట విన్నప్పుడు నాకు ఏమీ అర్థం కాలేదని ఒప్పుకుంటాను. ఒక్క పాటా, వంద పాటలా అనుకున్నాను. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నాను. మన విశాఖ తీరాన నిలబడితే ఒక కెరటం అంతా ఒకేసారి విరగదు చూడండి, ఒక చివర విరిగి ఆ విరుపు పక్కకు పాకుతుంది, అలా వుంది. స్వరం మారేచోట ముందు నలుగురు మారతారు, తరవాత ఇరవైమంది, చివరికి అందరూ. ఎవరూ ఎవరికోసమూ తొందరపడరు, ఎవర్నీ వెనక వదలరు.

అయితే ఈ పాట బతకాలంటే ఆ భాష బతకాలి. లూయిస్ వున్న పడమటి దీవుల్లో 2011 జనాభా లెక్కల నాటికి సగానికి పైగా జనం గేలిక్ మాట్లాడేవారు. 2022 లెక్కలకు ఆ సంఖ్య సగానికి లోపలికి దిగింది. 1843లో ఏర్పడ్డ ఆ ఫ్రీ చర్చివారు చాలాకాలం కీర్తనలు తప్ప వేరే పాటలు గాని, వాద్యాలు గాని రానివ్వలేదు. 2010లో చర్చలు జరిగి, కావాలనుకున్న సంఘాలు వాటిని వాడుకోవచ్చని తీర్మానించారు. కొత్తపాటలు రావడం తప్పని నేననను. మన ఇళ్ళల్లో అత్తగారి పాట కోడలు నేర్చుకోకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. అక్కడా అంతే.

ఇక రెండో దారి. ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్ళతోనూ, స్కాట్లండువాళ్ళతోనూ సముద్రం దాటి అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వెళ్ళింది. అక్కడ ఆఫ్రికానుంచి పట్టి తెచ్చిన బానిసలున్నారు. వాళ్ళకు చదువు నేర్పడం చాలా రాష్ట్రాల్లో చట్టరీత్యా నేరం. పుస్తకం లేకపోయినా పాడుకోగల పాట వాళ్ళ చేతికి అందింది. ఒకరు పిలిస్తే అందరూ బదులు పలికే పాట వాళ్ళ సొంత గడ్డమీదా వుంది. రెండూ కలిశాయి. ఐజక్ వాట్స్ అనే ఇంగ్లీషు కవి 1707లో ఒక పాటల పుస్తకం వేశాడు. ఆయన పాటలు నల్లవారి సభల్లో ఎంత పాతుకుపోయాయంటే, పాదం అందించి పాడే నిదానపు పాట ఏదైనా సరే, అది ఎవరు రాసినా సరే, దాన్ని 'డాక్టర్ వాట్స్' అనే పిలుస్తారు. మనం వనస్పతి ఏ కంపెనీదైనా డాల్డా అన్నట్టు!

ఇక్కడ ఒక అమ్మాయి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పేరు లూసీ మెకిమ్. సంగీతం నేర్చుకున్న పిల్ల. 1862లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, తండ్రితో కలిసి దక్షిణ కరోలినా తీరంలోని దీవులకు వెళ్ళింది. అప్పటికామె వయసు పందొమ్మిది. యజమానులు పారిపోగా అక్కడ మిగిలిన బానిసల పాటలు విని, చెవితో పట్టి స్వరాలు రాయడం మొదలుపెట్టింది. రాస్తే లొంగలేదు. గొంతులోని ఆ విరుపులు, ఒకరి తరవాత ఒకరు సందు చూసుకుని దూరే తీరు మన స్వరలిపిలో పట్టడం దాదాపు అసాధ్యమని ఆమే ఒప్పుకుంది. అయినా వదల్లేదు. 1865లో పెళ్ళయి లూసీ మెకిమ్ గారిసన్ అయింది. ఆమె, అలెన్, వేర్ అనే మరిద్దరు కలిసి 136 పాటలతో 1867లో ఒక పుస్తకం తెచ్చారు. బానిసల పాటలకు వచ్చిన మొదటి సంకలనం అదే. ముందుమాటలో అలెన్ ఒక చిత్రమైన సంగతి రాశాడు. వీళ్ళు పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు పంచుకుని పాడరు, అయినా ఏ ఇద్దరూ ఒకటే పాడుతున్నట్టు అనిపించదు అని. చూశారా, బోస్టన్‌లో తప్పుగా కనబడిందే, లూయిస్‌లో కెరటంగా వినబడిందే, ఇక్కడ మళ్ళీ వచ్చింది. లూసీ ముప్పైఅయిదేళ్ళు నిండకుండానే 1877లో పోయింది.

బుర్రకథ చూసినవారికి తరవాతి సంగతి సులువుగా అర్థమవుతుంది. కథకుడు ఒక మాట అంటాడు, వంతలు తందాన అంటారు. ఒకడు హాస్యానికి, ఒకడు రాజకీయానికి అడ్డుపడుతుంటారు. వంతలు చల్లబడితే కథకుడూ చల్లబడతాడు. నల్లవారి చర్చిలో పాస్టరు ప్రసంగం కూడా అలాంటిదే. మొదట మామూలు మాటలుగా మొదలవుతుంది. సభలోంచి ఒక పెద్దావిడ "అవును" అంటుంది, ఇంకొకరు "చెప్పు, చెప్పు" అంటారు. ఆ మాట వూతంగా ఆయన గొంతు ఒక మెట్టు ఎక్కుతుంది. కాసేపటికి మాటలు ఒక శ్రుతిమీద నిలబడతాయి, వాక్యాలు ఒకే పొడుగున వస్తాయి. ఇప్పుడది మాటా కాదు, పాటా కాదు. అప్పుడు ఆర్గన్ వాయించే అతను తన పని మొదలెడతాడు. ఆయన నిలబడ్డ శ్రుతి ఏదో మీటలమీద వెతికి పట్టుకుంటాడు. ఆయన వూపిరి తీసుకునే సందులో రెండు స్వరాలు పలికిస్తాడు, ఆయన మాట్లాడేటప్పుడు తగ్గుతాడు. డప్పులతను, చప్పట్లు కొట్టేవాళ్ళు అందుకుంటారు. కాగితం మీద ఇదేమీ వుండదు. ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు ఆపాలో పాస్టరు చెయ్యి కదలికను బట్టీ, ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మల మొహాలను బట్టీ తెలుస్తుంది.

ఆ ఆర్గన్ గురించి ఒక ముక్క. గొట్టాల ఆర్గన్ కొనాలంటే ధనవంతుల చర్చిలకే చెల్లు. 1935లో హామండ్ అనే ఆయన కరెంటుతో పనిచేసే ఆర్గన్ను బజారులోకి తెచ్చాడు. గొట్టాలు లేవు, ధర తక్కువ, మూల సర్దుకుంటుంది. బీద చర్చిలు చందాలు వేసుకుని కొనుక్కున్నాయి. ఇరవై ముప్పై ఏళ్ళలో ఆ గొంతు లేకపోతే అది నల్లవారి చర్చిలా వుండదనేటంత వాడుకైపోయింది.

ఈ కలిసి పాడటం రికార్డులో దొరకాలంటే అరీతా ఫ్రాంక్లిన్ 1972 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో రెండు రాత్రులు పాడినది వినాలి. పాస్టరు కూతురు ఆమె. అప్పటికే సినిమాతారలంత పేరు. స్టూడియోలో హాయిగా పాడుకోవచ్చు. కాని తండ్రి చర్చిలో నేర్చిన పాట ఎదురు పలికే మనుషులు లేకుండా రాదని చర్చిలోనే పెట్టుకుంది. రికార్డులో జనం కేకలు, చప్పట్లు, ఆమె ఒక్కొక్క మాటను పట్టి సాగదీస్తుంటే వెనకనుంచి వచ్చే బదుళ్ళు అన్నీ వినబడతాయి. 'అమేజింగ్ గ్రేస్' అనే చిన్న పాటను పది నిమిషాలకు పైగా పాడింది. జనం తోడు రాకపోతే ఒక్క మనిషి అంతసేపు ఆ పాటను మొయ్యలేదు. ఆ రాత్రులు సినిమా కూడా తీశారు. మన షూటింగుల్లో సీను ముందు చెక్క చప్పుడు చేస్తారు చూడండి, ఆ చెక్క కొట్టడం మరిచారు. బొమ్మకూ మాటకూ జోడు కుదరక డబ్బాల్లో వుండిపోయింది. 2018 చివర్లో ఆ సినిమా బయటికి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో అరీతా కన్నుమూసింది.

ఇది పాటతోనే ఆగిపోయే విషయం కాదు. జార్జియా రాష్ట్రంలో ఆల్బనీ అనే వూరి దగ్గర బెర్నీస్ జాన్సన్ అనే పిల్ల 1942లో పుట్టింది. తండ్రి పాస్టరు. ఆమెకు పదకొండేళ్ళు వచ్చేదాకా వాళ్ళ చర్చిలో పియానో లేదు. చేతులు, కాళ్ళు, గొంతులు, అంతే. 1961లో ఆల్బనీలో నల్లవారి హక్కులకోసం ఊరేగింపులు మొదలైనప్పుడు ఆమె కాలేజీలో చదువుతోంది. ఒక ఊరేగింపు నుంచి చర్చికి తిరిగి వచ్చాక, పాట ఎత్తుకోమని ఆమెను అడిగారు. తలమీద ఆకాశంలో కష్టం కనబడుతోందని అర్థం వచ్చే పాత చర్చి పాట ఒకటుంది. ఆమె అది ఎత్తుకుని, నోటికి వచ్చిన ఆ క్షణంలో 'కష్టం' అన్నచోట 'స్వేచ్ఛ' అనేసింది. మిగిలినవాళ్ళు ఆ మార్పును అలాగే అందుకున్నారు. ముందు అనుకున్నదేం లేదు. పాదం అందిస్తే అందుకోవడం చిన్నప్పటినుంచీ అలవాటు గనుక, కొత్త మాట అందించినా అందుకోగలిగారు. ఆ ఉద్యమంలో జైలుకు వెళ్ళింది, కాలేజీలోంచి తీసేశారు. జైలుగదుల్లో కూడా ఇదే పద్ధతి. ఒక గదిలోంచి ఒకావిడ ఎత్తుకుంటే గోడకవతలనుంచి బదులు. తరవాత ఆమె బెర్నీస్ జాన్సన్ రేగన్ పేరుతో పెద్ద చరిత్రకారిణి అయింది, 1973లో ఆడవాళ్ళతో ఒక పాటల బృందం పెట్టింది. 2024లో కన్నుమూసింది.

లూయిస్ దీవిలోని పాటకూ, నల్లవారి డాక్టర్ వాట్స్ పాటకూ వున్న పోలిక మీద ఒక వాదం నడిచింది. విలీ రఫ్ అనే నల్లజాతి జాజ్ సంగీత విద్వాంసుడు, యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, 2005లో మూడు సంఘాలను ఒకచోటికి రప్పించాడు. లూయిస్‌నుంచి గేలిక్‌వారు, అలబామానుంచి నల్ల బాప్టిస్టులు, కెంటకీ కొండలనుంచి తెల్ల బాప్టిస్టులు. ముగ్గురూ పాదం అందించి పాడేవాళ్ళే. స్కాట్లండువారినుంచే ఇది నల్లవారికి వచ్చిందని రఫ్‌గారి అభిప్రాయం. కాదు, ఇంగ్లండులోనూ ఇదే వుండేది, ఆఫ్రికా పాటలోనూ పిలుపూ బదులూ వున్నాయి అని మరికొందరు పండితులు. నన్నడిగితే ఇంత పాటకు ఒక్క పుట్టిల్లే వుండాలనే పట్టింపు ఎందుకో తెలియదు. పులిహోర ఎవరు కనిపెట్టారని ఎవరైనా అడుగుతారా? ఆ సభకు వచ్చినవాళ్ళు ఒకరి పాట ఒకరు విన్నారు. నాకది చాలు.

2020లో కరోనా వచ్చి చర్చిలు మూతపడ్డప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో ఆరాధనలు జరిగాయి. ప్రసంగం వినడం కుదిరింది, ఒకరు పాడితే వినడమూ కుదిరింది. కలిసి పాడటం మాత్రం కుదరలేదు. ఒకరి గొంతు మరొకరికి చేరడంలో అరక్షణం ఆలస్యం వుంటుంది. పక్కవాళ్ళ వూపిరి వినిపిస్తే తప్ప నడవని పాటకు ఆ అరక్షణం చాలు, పాట పడిపోతుంది. అందరూ తమ మైకులు కట్టేసుకుని, ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా పాడుకున్నారు.

మన తెలుగు చర్చిల సంగతి అడుగుతారేమో. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890 దాకా వున్నారు. ఆయన కట్టిన కీర్తనలకు మన రాగాలూ మన తాళాలే. ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి వుంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు. ఒకరు చరణం అంటే అందరూ పల్లవి అందుకోవడం. భజన ఎరిగినవారికి కొత్త చెప్పనక్కరలేదు.

మా ఎదురింటి మామ్మగారు డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. అక్షరం రాదు. చిన్నప్పుడు పల్లెలో వాళ్ళ చర్చిలో పాడినవీ, పాదం పాదంగా విని పట్టినవీ అరవై డెబ్భై కీర్తనలు నోటికి వచ్చు. ఆవిడ దగ్గర కూర్చునే నేను ఈ ప్రసంగానికి సగం సరుకు కూడగట్టుకున్నాను. ఇక్కడ పట్నంలో వాళ్ళు వెళ్ళే చర్చిలో కొన్నేళ్ళ క్రితం గోడకు తెర కట్టారు. పాట మాటలు తెరమీద పడతాయి. కీబోర్డు, డ్రమ్ములు వచ్చాయి. పిల్లలకు ఎంతో ఉత్సాహం. మామ్మగారు నోరు మూసుకున్నారు. తెర చదవలేరు, కొత్తపాట వేగం అందదు, ఒకవేళ తెలిసిన కీర్తన వచ్చినా కీబోర్డు పట్టిన శ్రుతి ఆవిడ గొంతుకు చాలా పైన. చర్చికి వెళ్ళడం మానలేదు, పాడటం మానేశారు. "నేను పాడక దేవుడికి వచ్చిన లోటేముందమ్మా, నాకే వుంది" అన్నారు నాతో.

నేను వాళ్ళ మనవరాలితో ఈ లూయిస్ దీవి ముచ్చట, సూయల్‌గారి ముచ్చట చెప్పాను. కాలేజీ చదివే పిల్ల, చురుకైంది. వెళ్ళి కీబోర్డు వాయించే అబ్బాయిని అడిగిందట, కానుకలు పట్టే సమయంలో ఒక్క కీర్తన తెర లేకుండా పాడదాం, మామ్మ ఎత్తుకుంటుంది, నువ్వు వెనకాల రా అని. ఆ అబ్బాయి మొదట భయపడ్డాడట. ఏ శ్రుతిలో వస్తుందో ముందు చెప్పకపోతే ఎలా వాయించాలి అని. ఆవిడకు మాత్రం ముందు తెలుసా ఏమిటి?

ఇప్పుడు నెలలో ఒక ఆదివారం అలా పాడుతున్నారు. మామ్మగారు తన ఇష్టం వచ్చిన గొంతులో ఎత్తుకుంటారు. ఆవిడ ఈడువాళ్ళు అయిదారుగురు మొదటి పాదానికే కలుస్తారు, మిగిలినవాళ్ళు పల్లవి దగ్గర. కీబోర్డు అబ్బాయి చెవి వొగ్గి ఒక్కొక్క మీటా మెల్లిగా నొక్కి చూసుకుంటూ వెతుక్కుంటాడు. రెండో చరణం అయ్యేసరికి దొరుకుతోందట.